ఏడు చారల పండుగప్ప

ఒడ్డున నిలబడి గాలం వేసుకోవడానికి కూడా సర్టిఫికెట్టు ఎందుకండీ అని మీలాంటివాళ్లు వెటకారం చేస్తారని మా సంచాలకులు సర్వోత్తమరావుగారు ముందే ఊహించారు. అందుకే జవాబు మా శిక్షణ కేంద్రం గోడమీద, గేటు పక్కనే, పెద్దక్షరాలతో రాయించారు. ‘అర్హత లేని చేతికి చేప చిక్కడం ప్రమాదకరం.’ ఎవరికి ప్రమాదకరమో రాయలేదు. గోడ అక్కడికి అయిపోయింది.

సంగతి ఇలా మొదలైంది. ఒక ఆదివారం రాజధాని నుంచి పెద్ద అధికారి ఒకాయన కుటుంబ సమేతంగా మా గుల్లపాలెం సముద్రపొడ్డుకు షికారుకొచ్చారు. పక్క నుంచి ఎవరో విసిరిన గాలం ఆయన టోపీని ఎత్తుకుపోయింది. తల ఉన్నచోటే ఉంది, టోపీ మాత్రం కెరటాల్లో పడింది. అంతవరకూ ఆయన్ని టోపీ లేకుండా చూసిన ఉద్యోగి లేడట. మూడు వారాల్లో ఉత్తర్వులు వచ్చేశాయి. తీరం నుంచి గాలం వేయదలచిన ప్రతి వ్యక్తీ ‘గాల యోగ్యతా పత్రం’ పొందాలి. పత్రం లేని గాలాలు జప్తు చేయాలి. పత్రం ఇవ్వడానికి ఒక కేంద్రం, దానికొక సంచాలకులు, ఆయనకొక కారు ఏర్పాటయ్యాయి.

కేంద్రం సముద్రానికి వంద గజాల దూరంలో కట్టారు. కిటికీలన్నీ సముద్రం వైపే పెట్టి, తర్వాత వాటికి లోపలి నుంచి రేకులు కొట్టించారు. సముద్రం కనబడితే అభ్యర్థుల ధ్యాస పాఠం మీద నిలవదని.

అందులో నేను అనువాదకుణ్ణి. మాది నంద్యాల వైపు. ఉద్యోగంలో చేరేదాకా సముద్రం మొహం చూసి ఎరగను. ఇంటర్వ్యూలో ఆ మాట భయపడుతూనే చెప్పాను. సర్వోత్తమరావుగారు మాత్రం సంతోషించారు. “అయితే మీకు దురభిప్రాయాలేమీ లేవన్నమాట” అన్నారు.

ఆయన గాలం విద్యను అధ్యయనం చేయడానికి విదేశం వెళ్లి పదకొండు రోజులుండి, తిరిగొస్తూ నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకం ఒకటి తెచ్చారు. అట్లాంటిక్ ఒడ్డున నిలబడి చారల బాస్ అనే చేపను ఎలా వెతకాలి, ఎలా పట్టాలి అని అందులో ఒక ముసలి జాలరి రాశాడు. దాన్ని తెలుగు చేయడం నా పని. ముప్ఫయ్యో పేజీ దగ్గర నాకో అనుమానం వచ్చింది. లేచి ఆయన గదిలోకి వెళ్లాను.

“సార్, ఈ చేప మన బంగాళాఖాతంలో ఉండదట.”

ఆయన కళ్లజోడు తీశారు. “ఎవరన్నారు?”

“చేపలమ్మే ఎర్రమ్మ, సార్.”

“ఆవిడ ఏ హోదాలో అన్నారు?”

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. “పుస్తకంలో ఉన్న చేప సముద్రంలో లేకపోతే అది పుస్తకం లోపం ఎలా అవుతుంది? అనువాదం యథాతథంగా కొనసాగించండి.”

కొనసాగించాను. జరిగిన పాపంలో నా వాటా ఎంతో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ టోపీని ఎత్తుకుపోయిన గాలం సూరాడ కొర్లయ్యది. ఎర్రమ్మ అతని భార్యే. భుజం పట్టేసి పడవ మానేశాక ఎనిమిదేళ్లుగా కొర్లయ్య తెల్లారి ఒడ్డున గాలం వేసి పండుగప్ప పట్టడం, ఆమె దాన్ని బుట్టలో పెట్టుకుని టౌనుకెళ్లి అమ్ముకురావడం. వాళ్ల బతుకంతా ఈ రెండు పనులే. ఇప్పుడా గాలం జప్తయి మా స్టోరు గదిలో ఉంది. అది తిరిగి చేతికి రావాలంటే అతను పరీక్ష నెగ్గాలి. పరీక్షకు మూడు అవకాశాలిస్తారు. మూడోసారీ తప్పితే శాశ్వత అనర్హుడు, ఈ జన్మలో గాలం ముట్టకూడదు.

కొర్లయ్య రెండుసార్లు తప్పాడు. చదువు రాదు కాబట్టి అతనికి నోటి పరీక్ష పెట్టాం. మొదటిసారి ప్రశ్న, చేప ఉన్న చోటును ఎలా కనుగొంటారు అని. “నీటిని సూత్తే తెలిసిపోతాది బాబూ” అన్నాడు. అరవై నాలుగో పేజీలోని పట్టిక ద్వారా అనేది సరైన జవాబు. రెండోసారి, వసంత ఋతువులో చారల బాస్ ఏ దిక్కుకు వలసపోతుంది అని అడిగారు. “ఏ దిక్కుకెల్తే నాకేటి బాబూ, నా గాలం కాడికొత్తే సాలు” అన్నాడు. సర్వోత్తమరావుగారు అతని కాగితం మీద ‘అభ్యర్థికి విశాల దృక్పథం లేదు’ అని రాశారు.

ఆ సాయంత్రం ఎర్రమ్మ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“బాబూ, ఆ పొత్తకంలో ముక్కలు మా మావకి ఎలాగోలాగ కంటతా పట్టించు. గాలం లాక్కున్నకాడ్నించి గోడకి జేరబడి కూకుంతన్నాడు. మాటాడ్డు. కూడు తింతన్నప్పుడు కూడా సముద్రమేపే సూత్తన్నాడు. నాకు బయ్యమేస్తంది.”

నాకు జాలేసింది. అనువాదం అయ్యాక నన్నే బోధకుణ్ణి కూడా చేశారు కాబట్టి, బోధకుడి పర్యవేక్షణలో ఒడ్డున అభ్యాసం అనే నిబంధన ఉపయోగించి మర్నాడు తెల్లవారి కొర్లయ్యను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను. కేంద్రం ఇచ్చే అభ్యాసపు గాలానికి దారం ఉంటుంది, సీసపు గుండు ఉంటుంది, ముల్లు ఉండదు. ముల్లు పట్టుకోవడానికి యోగ్యతా పత్రం కావాలి. యోగ్యతా పత్రం కావాలంటే ముల్లుతో చేప పట్టాలి. ఈ చిక్కును విడదీయడానికి ఒక్క పరీక్ష రోజున మాత్రం ముల్లు అప్పిస్తారు.

నేను పుస్తకం తెరిచి ఒకటో అధ్యాయం మొదలుపెట్టాను. కొర్లయ్య నా కాళ్లవైపు చూశాడు.

“బూట్లు ఇప్పీ బాబూ.”

విప్పాను. సముద్రం పాటు మీద ఉంది, నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. అతను తడి ఇసుకలో నడుస్తూ పోయాడు, నేను వెనకాల. ఒకచోట ఆగి గెడ్డంతో చూపించాడు. సముద్రం వైపు వేలు చూపించడు.

“అటు సూడు. ఆ పక్కనీ ఈ పక్కనీ కెరటం ఇరుగుతంది. మద్దెన ఇరగనేదు. ఎందుకిరగనేదు?”

“లోతుగా ఉందా?”

“అదే మరి. అక్కడ కాలవుంది. పాటులో కాలవ కనిపెట్టుకోవాల. పోటెక్కినప్పుడు సిన్న సేపలు దాంట్లోంచి ఒడ్డుకొత్తాయి. ఆటెనకాల పెద్దాయనొత్తాడు.”

“పెద్దాయనంటే పండుగప్పేనా?”

అతను కంగారుగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఒడ్డున ఆ పేరెత్తకూడదట. ఎత్తితే వినేసి వెనక్కి పోతుందట.

పోటు ఎక్కేదాకా కూర్చున్నాం. అప్పుడు బతికున్న రొయ్యను దారంతో కట్టి, గాలాన్ని తలమీద ఒక్క తిప్పు తిప్పి సరిగ్గా ఆ విరగని నీళ్లలో పడేశాడు. దారం నా చూపుడువేలి మీద ఆన్చి, “ఊరికే ఉండు” అన్నాడు. చాలాసేపు ఊరికే ఉన్నాను. ఒక్కసారిగా నీళ్లలోంచి ఎవరో నా వేలు పట్టుకుని పిలిచినట్టు లాగింది. మళ్లీ ఏమీ లేదు. రొయ్యా లేదు.

కొర్లయ్య నవ్వాడు. అతను నవ్వగా చూడటం అదే మొదటిసారి. “ముల్లు నేదని తెలిసినా మరియాదకి ఓపాలి లాగి ఎలిపోనాడు బాబూ.”

ఇంటికెళ్లి నూట పన్నెండో పేజీ తీశాను. ఆ అట్లాంటిక్ ముసలాయన కూడా అచ్చం ఇదే చెప్పాడు, ఇంత తేలిక మాటల్లోనే చెప్పాడు. నేను దాన్ని ‘తరంగభంగరహిత మధ్యస్థ ప్రదేశమును పరిశీలనార్థము గుర్తించవలెను’ అని తెలుగు చేసి ఉన్నాను. సిగ్గేసింది. వాళ్లిద్దర్నీ ఒక ఒడ్డున కూర్చోబెడితే భాష రాకపోయినా పొద్దున్నుంచి సాయంత్రందాకా మాట్లాడుకునేవాళ్లు. మధ్యలో మా కేంద్రం ఉంది.

మూడో పరీక్ష ఏప్రిల్ మొదటి వారంలో పెట్టారు. మూడోసారి ఎవరికైనా ఆచరణ పరీక్షే. పర్యవేక్షించడానికి ప్రధాన కార్యాలయం నుంచి దక్షిణామూర్తిగారు వచ్చారు. ఆయన పుస్తకం పట్టుకుని, ఎండలో చెమటలు కక్కుతూ మొట్టమొదట నీటి ఉష్ణోగ్రత ఎంత అని అడిగారు.

“ముప్ఫై డిగ్రీలు, సార్” అన్నాను.

“నలభై ఒకటో పేజీ ప్రకారం పదమూడు ఉండవలె.”

“మన సముద్రం కొంచెం వెచ్చగా ఉంటుంది, సార్.”

“అది సముద్రం స్థాయిలో పరిష్కరించుకోవలసిన అంశం. పరీక్ష నిబంధనల్లో సడలింపు ఉండదు” అన్నారాయన.

సర్వోత్తమరావుగారు అన్నింటికీ సిద్ధపడే ఉన్నారు. పడవలకు మంచు సరఫరా చేసే ఐసు ఫ్యాక్టరీ నుంచి రెండు వ్యాన్ల దిమ్మలు వచ్చాయి. వాటిని పరీక్ష కోసం తాళ్లు కట్టిన ప్రాంతంలో, సముద్రంలోకి దొర్లించారు. ఊరంతా ఒడ్డున చేరి చూస్తోంది. నేను థర్మామీటరు ఒక దిమ్మకు ఆనించి పట్టుకున్నాను. పదమూడు చూపించగానే దక్షిణామూర్తిగారు సంతకం పెట్టారు. తర్వాత కెరటం వచ్చి దిమ్మనీ నన్నూ కలిపి ఒడ్డుకు తోసేసింది. ఆ రోజు మంచు లేక బోట్లు వేటకెళ్లలేదు, అది వేరే విషయం.

కొర్లయ్యకు కొత్త గాలం, ముల్లు ఇచ్చారు. అతను నీళ్లవైపు చూశాడు. తలూపి, తాళ్లు దాటి, ఉత్తరంగా నడక మొదలుపెట్టాడు.

“అభ్యర్థి పరీక్షా ప్రాంగణాన్ని విడిచి వెళుతున్నాడు” అన్నారు దక్షిణామూర్తిగారు.

నేను పరుగెత్తాను. “కొర్లయ్యా, తాళ్ల మధ్యనే వెయ్యాలి.”

“అక్కడ కాలవ నేదు బాబూ. రేతిరి గాలికి ఇసకెక్కీసింది. ఇప్పుడది ఆ పక్కకెలిపోనాది.”

వెనక్కొచ్చి విన్నవించాను. అధికారులు ఇద్దరూ కాసేపు గుసగుసలాడుకున్నారు. అభ్యర్థి ప్రాంగణం దాటి వెళ్లకూడదని నిబంధన ఉంది గానీ, ప్రాంగణం అభ్యర్థి వెంట వెళ్లకూడదని లేదు. గుంజలు పీకాం. తాళ్లు, బల్ల, కుర్చీలు, షామియానా, మంచినీళ్ల కుండతో సహా మేమందరం కొర్లయ్య వెనక రెండు వందల గజాలు ఊరేగాం. అతను ఆగినచోట మళ్లీ పాతాం.

“లక్షిత మత్స్యం పేరు బిగ్గరగా ప్రకటించండి” అన్నారు దక్షిణామూర్తిగారు.

నాకు భయమేసింది. ఒడ్డున పేరెత్తమంటే కొర్లయ్య చావనైనా చస్తాడు గానీ ఎత్తడు. అతను మాత్రం గొంతు సవరించుకుని “సారల బాసు” అని ఊరంతా వినబడేలా అరిచాడు. తర్వాత నావైపు వంగి నెమ్మదిగా అన్నాడు. “ఆ పేరైతే ఎన్నిసార్లయినా సెప్తాను బాబూ. ఆడిది కాదు గదా.”

గాలం విసిరాడు. ఎంతోసేపు పట్టలేదు. దారం బిగిసింది. కొర్లయ్య లాగలేదు, వదిలాడు. చేప కావలసినంత దూరం పోయాక నెమ్మదిగా తెచ్చుకున్నాడు, మళ్లీ వదిలాడు. పట్టేసిన భుజాన్ని పక్కటెముకలకు ఆన్చుకుని రెండో చేత్తోనే అంతా చేశాడు. అరగంటకు చేప ఇసుకమీద పడింది. పన్నెండు కిలోలకు తక్కువ ఉండదు. వెండిలా మెరుస్తోంది. ఊరు ఊరంతా ఈల వేసింది. ఎర్రమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

దక్షిణామూర్తిగారు పుస్తకంలో తొమ్మిదో పేజీ బొమ్మ చూశారు. చేపను చూశారు. కర్రతో చేపను రెండోవైపు తిప్పించి చూశారు.

“చారలు ఏడు నుంచి ఎనిమిది ఉండవలె. ఇందులో సున్నా.”

“అది పండుగప్పండి. ఆటికి సారలుండవు” అంది ఎర్రమ్మ.

“ప్రశ్నకు సంబంధించని సమాధానం” అని ఆయన కలం తీశారు.

కొర్లయ్య అప్పటికే తెలుసుకున్నట్టున్నాడు. గాలం చుట్టి, కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు ఇంక దేనికీ పనికిరావని ఎవరో తీర్పు చెబుతున్నట్టే ఉంది. అప్పుడు సర్వోత్తమరావుగారు ముందుకొచ్చారు. ఆ కేంద్రంలో ఇంతవరకూ ఒక్కరూ నెగ్గలేదు. ఈసారి కూడా నెగ్గకపోతే కేంద్రం ఎందుకని పైవాళ్లు అడుగుతారు.

“చారలు లేవనలేం. ఇంకా వెలువడలేదనవచ్చు. వెలువడటానికి అభ్యర్థికి పది నిమిషాలు వ్యవధి ఇవ్వవలసిందిగా ప్రార్థన” అన్నారు.

దక్షిణామూర్తిగారు గడియారం చూసుకుని, కొబ్బరి నీళ్లు తాగడానికి కారు దగ్గరికి వెళ్లారు. ఆయన తిరిగొచ్చేసరికి రబ్బరు స్టాంపుల ఇంకు సీసా ఖాళీ అయింది. స్కేలు పట్టుకున్నది నేను. చారలు తిన్నగా, సమాన దూరంలో వచ్చాయని సర్వోత్తమరావుగారు నన్ను మెచ్చుకున్నారు. దక్షిణామూర్తిగారు వేలు తగలకుండా లెక్కపెట్టారు. ఏడు.

“అభ్యర్థి ఉత్తీర్ణుడు” అన్నారు.

“ఇంకు పూసిన సేపని ఎవులు కొంతారు బాబూ?” అని ఎర్రమ్మ నన్నడిగింది.

“ఇది అమ్మే చేప కాదమ్మా, ఆధారం” అని సర్వోత్తమరావుగారు దాన్ని మిగిలిన మంచులో పెట్టించి ప్రధాన కార్యాలయానికి పంపించారు. ఎర్రమ్మ ఖాళీ బుట్టతో ఇంటికెళ్లింది. అయినా ఆవిడ మొహంలో వెలుగుంది. మొగుడి గాలం మొగుడి చేతికొచ్చింది.

కొర్లయ్య పదకొండు రోజులు గాలం వేశాడు. ఎండకీ నీటికీ పాడవకుండా అట్ట వేయించిన యోగ్యతా పత్రాన్ని మెడలో కట్టుకుని వేశాడు. కేంద్రం గార్డు రోజూ వచ్చి పత్రం చూసి నమస్కారం పెట్టేవాడు. నేను కూడా తెల్లారేసరికి బూట్లు లేకుండా అక్కడికెళ్లి నీళ్లు చూడటం నేర్చుకునేవాణ్ణి. నాకు కాలవ కనబడటం మొదలైంది. జీవితంలో ఏదో ఒకటి నేర్చుకుంటున్నాననే తృప్తి ఆ పదకొండు రోజుల్లోనే కలిగింది.

పన్నెండో రోజు ఉత్తర్వు వచ్చింది. మన సముద్రంలో ఎన్నడూ లేని చారల చేప గుల్లపాలెం తీరాన ఒక్కటే ఒక్కటి దొరికిందని దక్షిణామూర్తిగారి నివేదిక చదివిన నిపుణుల సంఘం ఉలిక్కిపడిందట. ప్రపంచంలోనే ఇంత అరుదైన జాతి మరొకటి లేదని తేల్చి, ఒడ్డును అభయతీరంగా ప్రకటించింది. ఆ చేపను పట్టడం నిషేధం. యోగ్యతా పత్రం ఆ చేపను పట్టడానికే ఇచ్చారు కాబట్టి అదీ రద్దు.

నేను సంచాలకుల గదిలోకి దూసుకెళ్లాను. “పండుగప్పలు పట్టుకోవచ్చు కదా, సార్. వాటికి చారలు లేవు.”

“నివేదిక చదవలేదా? ఈ చేప నీటిలో ఉన్నంతసేపూ చారలు లేకుండా ఉంటుంది. పట్టిన పది నిమిషాలకు వెలువడతాయి. కాబట్టి చారలు లేని ప్రతి చేపనూ చారల చేపగానే పరిగణించాలి.”

“అవి మనం పూసినవి, సార్.”

“ఆ విషయం నివేదికలో ఉందా?”

“లేదు.”

“మరి మీకెలా తెలిసింది?”

స్కేలు పట్టుకున్న చెయ్యి నాది. ఆ మాట కాగితం మీద పెట్టి పైకి పంపిస్తే ఉద్యోగం పోతుంది. పంపలేదు. నంద్యాలలో ఉన్న ఇంటి గురించి ఆలోచించానని అబద్ధం చెప్పను, ఉత్త పిరికితనం.

ఉత్తర్వులో ఒకే ఒక మినహాయింపు ఉంది. జాతి స్థితిగతుల అధ్యయనం కోసం కేంద్రం బోధకుడు ప్రతి ఉదయం ఒక గంటసేపు గాలం వేయాలి. చిక్కిన చేపల సంఖ్య నమోదు చేసి, చేపలను వదిలేయాలి. కేంద్రం బోధకుణ్ణి నేనే.

మొదటిరోజు ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని నీళ్లలో నిలబడ్డాను. ఒడ్డు పొడుగునా తాడు కట్టి ఉంది. తాడుకు అవతల కొర్లయ్య, ఎర్రమ్మ నిలబడి ఉన్నారు. గార్డు వాళ్లకు దగ్గర్లోనే ఉన్నాడు. కాలవ నాకు కనబడింది. విసిరాను. పది గజాలు కూడా పోలేదు. మళ్లీ విసిరాను.

“కుడేపుకి బాబూ” అని వెనకనుంచి వినబడింది. “మోచెయ్యి ఒంచకు.”

మూడోసారి పడాల్సిన చోట పడింది. దారం వేలి మీద ఆన్చుకుని ఊరికే ఉన్నాను. పట్టింది. చెయ్యి మొత్తం ముందుకు పోయింది.

“లాగకు బాబూ, ఒగ్గీ. ఆడ్ని పోనీ.”

పోనివ్వాలని తెలుసు. పుస్తకంలోనూ ఉంది, కొర్లయ్య చేతుల్లోనూ చూశాను. కానీ భయంతో రెండు చేతులా బిగబట్టి లాగేశాను. దారం పుటుక్కున తెగి, తేలికైపోయి నా కాళ్ల దగ్గరికొచ్చి పడింది.

వెనక్కి తిరిగాను. తాడు అవతల కొర్లయ్య ఇంకా కెరటాలవైపే చూస్తూ, ఖాళీ చేతుల్లోంచి దారం వదులుతున్నాడు. కొంచెం కొంచెంగా, తెగకుండా వదులుతున్నాడు. ఎర్రమ్మ అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

అధ్యయన పత్రంలో తప్పిపోయిన చేపకు గడి లేదు. చిక్కిన చేపల సంఖ్య దగ్గర సున్నా వేశాను. మర్నాడూ సున్నా, ఆ మర్నాడూ సున్నా. నెలాఖరుకు సర్వోత్తమరావుగారు పత్రాలన్నీ చదివి నిట్టూర్చారు.

“చూశారా, ఎంత దారుణంగా అంతరించిపోతోందో. నిషేధం మరో పదేళ్లు పొడిగించాలి” అని సంతకం పెట్టారు.

కొర్లయ్యకు అరవై నాలుగేళ్లు.